పిల్లోడికి మొదటి రైఫిల్: ఏది తీసుకోవాలి, ఏది వద్దు

వేసవి సెలవులు వస్తే చాలు, మా అనంతపురం వైపు ఏదో ఒక ఇంట్లో ఈ పంచాయితీ మొదలవుతుంది. పిల్లోడికి పన్నెండో పదమూడో ఏళ్లు ఉంటాయి. జేజినాయన వేటకు పోయిన కథలు వినీ వినీ, ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, "నాయనా, నాకొక రైఫిల్ కొనియ్యి" అని పట్టు పడతాడు. నాయనకూ లోలోపల సరదానే. ఊరికి పోయినప్పుడు షాపులో అడిగితే, వాళ్లు ఉన్నవాటిలో అన్నింటికంటే గట్టిగా కొట్టేదాన్ని తీసి బల్ల మీద పెడతారు. బేరం తప్పేది అక్కడే. మొదటి రైఫిల్ కొనేటప్పుడు దాని దెబ్బ ఎంతో అడక్కండి, పిల్లోడి చెయ్యి ఎంత పొడవుందో చూడండి. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

దానికి ముందు వేట సంగతి తేల్చేద్దాం. మన దేశంలో సరదా వేట అనేది ఇప్పుడు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నాళ్లు లైసెన్సు మీద కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. కుందేలు, కౌజు, పూరేడు ఏదైనా సరే కొట్టకూడదు. నెమలి, కృష్ణజింక అయితే కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు. ఎయిర్ గన్‌తో కొట్టినా చట్టం దృష్టిలో అది వేటే. చెనిక్కాయ చేను తవ్వేసే అడవిపంది మీద రైతుకు ఎంత కోపమున్నా, అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని కాల్చే హక్కు ఎవరికీ లేదు. అయినా ఎయిర్ గన్‌లో పెట్టే చిన్న సీసం గుండుతో, అంటే పెల్లెట్‌తో పంది చావదు. ఆ గాయం చీము పట్టి రోజుల తరబడి అల్లాడుతుంది. మిద్దె మీది కోతుల విషయంలోనూ నా మాట ఇదే.

వేట తెలిసిన కన్ను ఊరికే పోదు లెండి. కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడి అంతరించిపోయిందని లోకమంతా అనుకుంటున్నప్పుడు, 1986లో దాన్ని మళ్లీ పట్టి శాస్త్రవేత్తలకు చూపించింది వేట తెలిసిన ఒక పల్లెటూరి మనిషే. పిల్లోడికి అడవి మీద మోజుంటే ఒక బైనాక్యులర్ కొనిచ్చి, బద్వేలు వైపో రోళ్లపాడు వైపో తీసుకుపోండి. గురి మీద మోజుంటే మాత్రం కింద చదవండి.

పాయింట్ టూ టూ తికమక

షాపుకు పోయిన ప్రతి ఒక్కరూ "పాయింట్ టూ టూ చూపించన్నా" అంటారు. ఆ పేరుతో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి మందుగుండుతో పేలే 0.22 లాంగ్ రైఫిల్. రెండోది 5.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్. దీన్ని కూడా 0.22 అనే పిలుస్తారు. మొదటిదానికి లైసెన్సు కావాలని అందరికీ తెలుసు. రెండోదానికి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి అడ్డం కొలత 4.5 మిల్లీమీటర్లు, అంటే అంగుళాల్లో 0.177 దాటినా, దెబ్బ బలం 20 జూళ్లు దాటినా ఎయిర్ గన్‌కు కూడా లైసెన్సు తీసుకోవాల్సిందే. కాబట్టి లైసెన్సు గొడవ లేకుండా ఇంటికి తెచ్చుకోగలిగేది 20 జూళ్ల లోపు 0.177 ఎయిర్ రైఫిల్ ఒక్కటే.

మందుగుండు తుపాకికి 21 ఏళ్లు నిండనిదే మామూలు లైసెన్సు ఇవ్వరు. నాయన తన పేరు మీద తీసుకుని పిల్లోడి చేతికి ఇద్దామనుకున్నా, మన సీమలో లైసెన్సు తుపాకి ఎంత తలనొప్పో చెప్పనక్కర్లేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోమంటారు. పైగా 0.22 తూటా బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు, బలం 140 జూళ్ల చుట్టూ ఉంటుంది. అడ్డం లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది. కంప చెట్ల అవతల మేకలు కాసే మనిషి ఉన్నాడో లేడో మనకేం తెలుసు? అరగ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే దాని బలం 10 జూళ్లు. ఈ రెండింటికీ మధ్య తేడా చూశాక ఏది ముందో పెద్దగా ఆలోచించే పని లేదు.

0.177 అంటే పిల్లల బొమ్మ అని తీసిపారేసే పెద్దమనుషులకు ఒక మాట. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా కొట్టిన స్వర్ణం, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ తెచ్చిన కాంస్యం, రెండూ ఈ 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో వచ్చినవే. ఆ పోటీలో పది మీటర్ల దూరంలో ఉండే టార్గెట్ నడిమి చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు.

స్ప్రింగా, గ్యాసా, పీసీపీయా

ఇక 0.177లోనే మూడు రకాలు. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ వాళ్ల పేర్లలోనే ఈ తేడా కనిపిస్తుంది: ఎస్‌ఎక్స్ అంటే స్ప్రింగ్, ఎన్‌ఎక్స్ అంటే నైట్రోజన్ గ్యాస్, పీఎక్స్ అంటే ముందే గాలి నింపుకునే పీసీపీ. వేరే కంపెనీలవి చూసినా ముందు ఈ మూడింటిలో ఏ రకమో కనుక్కోండి. రంగూ, కట్టె పనితనం తర్వాత చూసుకోవచ్చు.

స్ప్రింగ్ రకంలో గొట్టాన్ని మధ్యకు విరిచి కిందికి లాగితే లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ఆ గాలి దెబ్బకు పెల్లెట్ బయటికొస్తుంది. ఉరుకుంద ఈరన్న జాతరలో, కడప పెద్ద దర్గా ఉరుసులో బెలూన్లు కొట్టే తుపాకులు కూడా ఈ రకంవే. గాలి నింపే పని లేదు, పంపు అక్కర్లేదు, స్ప్రింగ్ నీరసపడితే మార్చుకోవచ్చు. ధర వేలల్లోనే తేలుతుంది. ఒకే ఒక్క చిక్కు ఏమిటంటే, పెల్లెట్ గొట్టం దాటేలోపే పిస్టన్ కదలికకు రైఫిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కో గుండు ఒక్కో చోట పడుతుంది. ముందు చెయ్యిని అరచేయి తెరిచి పళ్లెంలా ఉంచి, దాని మీద రైఫిల్‌ను ఊరికే ఆనించి కొట్టాలి. దీనితో గురి కుదిరిన పిల్లోడికి తర్వాత ఏ రైఫిల్ ఇచ్చినా ఇబ్బంది పడడు.

కొనేముందు షాపులో ఒక పని చేయండి. పిల్లోడితోనే గొట్టం లాగించండి, మీరు చెయ్యి వేయొద్దు. భుజానికి ఆనే వెనక భాగాన్ని, అంటే బట్‌ను తొడ మీద ఆనించుకుంటాడు, గొట్టం కొసను పట్టి లాగుతాడు. సగం దాకా సులువుగానే వస్తుంది. ఆ తర్వాత మోచెయ్యి వణుకుతుంది, మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు, నాలుక బయటికొస్తుంది. పళ్లు బిగించి ఎలాగో టక్కుమనిపించి "వచ్చింది చూడు నాయనా" అని నవ్వుతాడు. అది లెక్కలోకి రాదు. పెల్లెట్ పెట్టి, షాపు వాళ్ల టార్గెట్ డబ్బాలోకి వరసగా పది సార్లు కొట్టనివ్వండి. ఆరో సారికి చెయ్యి చచ్చుబడితే ఆ రైఫిల్ వాడికి ఇంకా రెండేళ్ల తర్వాత పనికొస్తుంది. అలసిన చేత్తో గురి నేర్చుకోవడం కుదరదు. పెల్లెట్ లేకుండా ఊరికే టిక్కుటిక్కుమని కొట్టించొద్దు. గాలి అడ్డం లేక పిస్టన్ పోయి సిలిండర్ చివరి గోడకు గుద్దుకుని లోపలి సీల్ పాడవుతుంది.

ఇంకోటి, పెల్లెట్ పెట్టేటప్పుడు విరిచిన గొట్టాన్ని రెండో చేత్తో పట్టుకునే ఉండాలి. చెయ్యి వదిలేసినప్పుడు లోపల స్ప్రింగ్‌ను ఆపి ఉంచే పట్టు జారిందంటే గొట్టం ఎగిరి మూసుకుంటుంది, వేలు నలుగుతుంది. మొదటి రోజే ఈ అలవాటు పడకపోతే తర్వాత రాదు.

గ్యాస్ రకంలో స్ప్రింగ్ స్థానంలో నైట్రోజన్ నింపిన సిలిండర్ ఉంటుంది. కొట్టినప్పుడు స్ప్రింగ్ గొణుగుడు వినిపించదు, ఊపు తక్కువ సేపు ఉంటుంది, కాసేపు ఎక్కుపెట్టి ఉంచినా బలం తగ్గదు. పెద్దవాళ్లకు నేను దీన్నే తీసుకోమంటాను. పిల్లలకు వద్దంటాను, ఎందుకంటే లాగుడు మొదటి నుంచీ బరువుగానే ఉంటుంది, గ్యాస్ కారితే మన ఊళ్లో బాగు చేసేవాళ్లు దొరకరు.

పీసీపీ చూస్తే ఎవరికైనా మనసవుతుంది. 200 బార్ల ఒత్తిడితో గాలి ముందే నింపి ఉంటుంది. చిన్న లివర్ లాగితే చాలు, ఊపు లేదు, బరువు లాగుడు లేదు. మొదటి రోజే పిల్లోడు అయిదు గుండ్లు ఒకే బొక్కలోంచి పంపగలడు. ఒలింపిక్స్‌లో వాడే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి లక్షల రూపాయల రైఫిళ్లు కూడా ఈ పద్ధతివే. అయితే ఆ గాలి నింపేది ఎవరు? చేతి పంపుతో 200 బార్లకు తేవాలంటే పెద్ద మనిషికే చొక్కా తడిసిపోతుంది. ఒళ్లు బరువు వేసి తొయ్యాలి కాబట్టి నలభై కిలోలు లేని పిల్లోడు చివరి నలభై, యాభై బార్లు ఎక్కించలేడు. అంటే వాడి ఆట నాయన ఓపిక మీద ఆధారపడుతుంది. మా వైపు దుమ్ముకు పంపు సీళ్లు తొందరగా అరుగుతాయి. నింపిన రైఫిల్‌ను మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ పట్టించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కు నూనె చుక్క తగిలితే పేలుతుంది. పీసీపీలో ఎప్పుడూ పొడి గాలి మాత్రమే.

కార్బన్ డయాక్సైడ్ సీసాలతో నడిచేవి కూడా ఉన్నాయి. ఎండ తీవ్రతను బట్టి వాటి ఒత్తిడి మారిపోతుంది. నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట తగులుతాయి. వదిలేయండి. ఇనుప గుండ్లు కొట్టే ప్లాస్టిక్ తుపాకులైతే అసలు ఇంట్లోకే వద్దు. ఆ గుండ్లు దేనికి తగిలినా తిరిగొస్తాయి.

కొలత

దీని మీద ఎక్కువమంది శ్రద్ధ పెట్టరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పిల్లోడి మోచెయ్యిని సరిగ్గా మడిచి, రైఫిల్ బట్‌ను మోచేతి మడతలో ఆనించండి. చూపుడు వేలి మొదటి గణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. వేలు అందకపోతే వాడు మెడ సాచి, భుజం ముందుకు తోసి పట్టుకుంటాడు. ఆ వంకర ఒకసారి పడిందంటే కోచ్ వచ్చి సరిచేయడానికి నెలలు పడుతుంది. బట్ పొడవు మార్చుకునే వీలున్నది దొరికితే కాస్త డబ్బు ఎక్కువైనా అదే తీసుకోండి, ఏడాదికేడాది పెరిగే పిల్లోడికి సరిపోతుంది. చెక్క బట్ అయితే వడ్రంగితో కొంచెం కోయించి, ఆ ముక్కను దాచిపెట్టి తర్వాత మళ్లీ బిగించుకోవచ్చు.

బరువు సంగతి. పెద్ద పోటీల్లో రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. బరువుంటే కదలదు, అందుకే వాళ్లకది కావాలి. ముప్పై, ముప్పై అయిదు కిలోల పిల్లోడికి మాత్రం మూడు కిలోలు దాటనీయొద్దు. నిలబడి పట్టుకోలేకపోతే అదేదో లోటనుకోకండి. మొదటి కొన్ని నెలలు బల్ల మీద ఇసుక సంచి పెట్టి దాని మీద ఆనించి కొట్టనివ్వండి.

ఏ కన్ను పెత్తనం చేస్తుందో కూడా చూడండి. రెండు చేతులు ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడమనండి. ఒక్కో కన్ను మూసి చూస్తే, ఏ కన్నుకు గడియారం సందులోనే నిలిచిందో అదే గురి కన్ను. కుడి చేతి వాటం ఉన్నా ఎడమ కన్ను పెత్తనం చేసే పిల్లలుంటారు. వాళ్లకు ఒక పక్కకే చెంప ఆనే చెక్క ఉన్న రైఫిల్ కొంటే రోజూ యుద్ధమే.

గురి చూసే ఏర్పాటు

స్కోప్ కావాలని పిల్లోడు అడుగుతాడు. మొదటి ఏడాది ఇవ్వొద్దు. స్ప్రింగ్ రైఫిల్ ముందూ వెనకా ఊగడం వల్ల మామూలు స్కోప్ లోపలి అద్దాలు కదిలిపోతాయి. పైగా చవక స్కోపులు వంద గజాల దూరానికి సరిచేసి వస్తాయి కాబట్టి పది మీటర్ల దగ్గర బొమ్మ మసక మసకగా కనిపిస్తుంది. ఇనుప సైట్లతో వెనక గాడి, ముందు ముల్లు, చుక్క, మూడింటినీ ఒక వరసలో పెట్టడం నేర్చుకోవాలి. మన దేశంలో స్కూల్ గేమ్స్‌లోనూ, రాష్ట్ర పోటీల్లోనూ ఈ గాడి, ముల్లు ఏర్పాటుకు, అంటే ఓపెన్ సైట్‌కు వేరే విభాగం ఉంది. అందులో ఆడి, చేయి తిరిగాక సన్నని రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్‌కు పోవచ్చు. పెల్లెట్లలో తల చదునుగా ఉన్నవి తీసుకోండి, కాగితం మీద గుండ్రంగా శుభ్రమైన బొక్క పడుతుంది. ముల్లులా మొన తేలినవి పేరుకే బాగుంటాయి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి నోట్లో పెట్టుకోనీయొద్దు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

ఇంట్లో ఎక్కడ కొడతారు

పది మీటర్ల చోటు చాలు. మిద్దె మీదో, పెరట్లోనో గీత గీసి, టార్గెట్ నడిమి చుక్క నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండేట్టు పెట్టండి, పోటీల్లో ఎత్తు అంతే. వెనక ఏముందో చూసుకోవడమే అసలు సంగతి. మా కడప, జమ్మలమడుగు వైపు ఇళ్లల్లో ప్రహరీకి బండలు నిలబెడతారు. అలాంటి బండ ముందు టార్గెట్ పెడితే పెల్లెట్ చదునై, వేగం తగ్గినా సరే, ముఖం మీదికి తిరిగి రావచ్చు. ఇనుప రేకు కూడా అంతే. చెక్క పెట్టె తీసుకుని లోపల పాత దుప్పట్లు, చింకి చీరలు గట్టిగా కుక్కి, వెనక మందమైన పలక బిగించండి. లేదా బంకమన్ను తడిపి పెట్టెలో మెత్తి ఆరకుండా చూసుకోండి. సీసం ముక్కలు అందులోనే చిక్కుకుంటాయి. పెట్టె చుట్టూ కూడా కొంచెం అడ్డం ఉండాలి, మొదట్లో పెట్టెకు తగలనివి చాలానే ఉంటాయి. పక్క మిద్దె మీద ఒడియాలు ఆరబెట్టే అవ్వ లేనప్పుడే కొట్టాలని వేరే చెప్పాలా? కొట్టేవాడికీ, చూసేవాళ్లకీ కళ్లద్దాలు ఉండాలి.

కొనకముందే కొట్టే దారి

పిల్లోడు ఎనిమిదో తొమ్మిదో తరగతికి వచ్చి, వాడి స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే అందులో చేర్చండి. క్యాంపుల్లో నిజమైన 0.22 రైఫిల్‌తో 25 మీటర్ల దూరంలో కొట్టిస్తారు. పైసా ఖర్చు లేదు, పక్కన నేర్పేవాళ్లుంటారు. ఆ రైఫిల్ బరువు దాదాపు 2.8 కిలోలు, అది పట్టుకున్నాక ఇంట్లో ఏ బరువుది కావాలో వాడికే తెలుస్తుంది. 12 ఏళ్లు దాటినవాళ్లు రైఫిల్ క్లబ్బుల్లో పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందే వీలు చట్టంలోనే ఉంది. క్లబ్బు ఎయిర్ రైఫిళ్లు అద్దెకిచ్చే చోట రెండు మూడు నెలలు వాటితోనే ఆడితే, సగం మంది పిల్లలకు మోజు తీరిపోతుంది. ఆ డబ్బు మిగిలినట్టే.

మోజు తీరకపోతే నా లెక్క ఇది. పన్నెండేళ్ల లోపు పిల్లోడికి సొంత రైఫిల్ వద్దు. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో, ఇంటి దగ్గరే కొట్టేట్టయితే, లాగుడు తేలిగ్గా ఉండే తక్కువ బలం స్ప్రింగ్ రైఫిల్, ఓపెన్ సైట్లతో. దాని బలం ఎనిమిది, పది జూళ్లున్నా పది మీటర్లకు ఎక్కువే, పోటీల రైఫిళ్లదీ అంతకన్నా తక్కువే. పద్నాలుగు దాటి, ఊళ్లో షూటింగ్ రేంజ్ ఉండి, కోచ్ "వీడిలో పట్టుంది" అని తన నోటితో అంటే అప్పుడు పీసీపీ సంగతి చూడండి. అప్పుడైనా 20 జూళ్ల లోపుదే, గాలి నింపే ఏర్పాటుతో కలిపి లెక్క వేసుకుని కొనండి. చెయ్యి బలంగా ఉన్న పదహారేళ్ల కుర్రాడికి గ్యాస్ రకం కూడా తప్పేమీ కాదు. ఆడపిల్లలకు వేరే లెక్క లేదు, కొలత పరీక్ష అందరికీ ఒకటే.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే స్ప్రింగ్ రైఫిల్ తీసుకోవచ్చు. గొట్టం మూసి అటూ ఇటూ కదిపి చూడండి, లొడలొడలాడితే వద్దు. కొట్టినప్పుడు పొగ, కాలిన నూనె వాసన వస్తే పాత ఓనరు సిలిండర్‌లో కుట్టుమిషను నూనె పోసి ఉంటాడు, సీల్ మార్చే ఖర్చు తగ్గించి బేరమాడండి. పీసీపీని మాత్రం వాడినది కొనొద్దు, గాలి సిలిండర్ లోపల తుప్పుందో లేదో మనకు కనిపించదు.

బిల్లు నాయన పేరు మీదో అమ్మ పేరు మీదో రాయించండి. షాపులో గుర్తింపు కార్డు అడుగుతారు, ఇవ్వండి. బిల్లు మీద క్యాలిబర్ (గొట్టం కొలత), సీరియల్ నంబరు ఉన్నాయో లేదో చూసుకుని ఒక జిరాక్స్ రైఫిల్ సంచిలోనే పెట్టండి. దారిలో కానిస్టేబుల్ ఆపితే అది చూపిస్తే టెన్షన్ ఉండదు. బస్సులోనో బైక్ మీదో తెచ్చేటప్పుడు సంచి జిప్పు వేసే ఉండాలి, పెల్లెట్ల డబ్బా వేరే బ్యాగులో ఉండాలి. ఇంటికొచ్చాక రైఫిల్ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో చోట, రెండు తాళం చెవులూ పెద్దవాళ్ల దగ్గర.